పలమనేరు చలిలో సైబీరియా ప్రయోగాలు: ఒక సైన్స్ క్లబ్ కేస్ స్టడీ

"మేడ మీద నిలబడి మరిగే నీళ్లు గాల్లోకి విసిరితే కింద ఒక్క చుక్క కూడా పడలేదు సార్. అంతా తెల్లటి పొగైపోయింది. మన ఊళ్లోనూ చలిగానే ఉంది కదా, చేద్దామా?"

డిసెంబరు మొదటి వారంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఫోనులో సైబీరియా వీడియో చూసి వచ్చి అడిగిన మాట ఇది. నేను పలమనేరు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి వచ్చినవాళ్లకు ఇక్కడి చలి తేడా వెంటనే తెలుస్తుంది. ధనుర్మాసంలో పొద్దున్నే స్వెటరు లేకుండా బడికి వచ్చే పిల్లవాడు ఉండడు. అయినా ఆ రోజు ఉదయం ఆరున్నరకు మైదానంలో థర్మామీటరు చూపించింది 14 డిగ్రీలు. సైబీరియాలోని ఒయిమ్యకోన్‌లో 1933 ఫిబ్రవరిలో మైనస్ 67.7 నమోదైంది. మన చలినీ ఆ చలినీ ఒకే మాటతో పిలుస్తున్నాం, అంతే.

"కుదరదమ్మా" అని అక్కడితో వదిలేయవచ్చు. కానీ ఎందుకు కుదరదో చెప్పబోయి నేనే తడబడ్డాను. ఆ తడబాటు ఆరు వారాల పనిగా మారింది. ఇరవై ఇద్దరు పిల్లలు, ఖర్చు మూడు వేల రూపాయల లోపు, పగిలిన థర్మామీటర్లు రెండు. ఏం చేశామో, ఏది పారిందో, ఏది పారలేదో రాసి పెడుతున్నాను.

మొదటి వారం: విసరని నీళ్లు

చలిదేశాల్లో పిల్లలు ఆరుబయట చేసే ప్రయోగాలను ముందుగా నల్లబల్ల మీద రాసుకున్నాం. మరిగే నీళ్లు విసరడం, సబ్బుబుడగ గడ్డకట్టడం, సీసాలో నీళ్లు ఒక్క తట్టుతో గడ్డకట్టడం, బెలూన్ ముడుచుకుపోవడం, రాత్రి ఆరుబయట పళ్లెంలో నీళ్లు పెట్టి తెల్లారేసరికి మంచుగడ్డ తీయడం. తర్వాత ఒక్కొక్కదాని పక్కన ఒకే ప్రశ్న వేశాం. దీనికి కావలసింది చల్లటి గాలా, చల్లటి వస్తువా, లేక ఖాళీ ఆకాశమా? ఈ కేసులో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఆ ప్రశ్నే. చల్లటి వస్తువును కొనుక్కోవచ్చు. ఖాళీ ఆకాశం మనకూ ఉంది. అందనిది చల్లటి గాలి ఒక్కటే.

నీళ్లు విసిరే ప్రయోగానికి ఆ గాలే ప్రాణం. 14 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 12 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. మైనస్ 30 దగ్గర అర గ్రాము కూడా మోయలేదు. మరిగే నీళ్లు చిన్న చిన్న తుంపరలుగా చెదురుతూ విపరీతంగా ఆవిరి వదులుతాయి. దాన్ని మోసే శక్తి ఆ గాలికి లేదు కాబట్టి అక్కడికక్కడే తెల్లటి మేఘం కట్టేస్తుంది. సన్నటి తుంపరలు దారిలోనే గడ్డకడతాయి. మన దగ్గర గాలి ఆ ఆవిరిలో చాలా భాగాన్ని మింగేస్తుంది, మిగతా నీళ్లు నెత్తిన పడతాయి. అక్కడైనా ఇది ఆషామాషీ పని కాదు. 2019 జనవరిలో షికాగోలో చలి విరుచుకుపడినప్పుడు ఈ ఆట వల్ల కాలిన గాయాలతో ఎనిమిది మంది ఒక్క ఆసుపత్రిలోనే చికిత్స పొందారు.

అందుకని నీళ్లు విసరలేదు. బదులుగా అందరినీ వరుసగా నిలబెట్టి నోటితో గాలి వదలమన్నాను. పొగమంచు పట్టిన పొద్దు కాబట్టి నోటి నుంచి తెల్లటి ఆవిరి కనిపించింది. తొమ్మిది గంటలకు ఎండెక్కాక మళ్లీ వదలమంటే ఏమీ లేదు. ఊపిరి అదే, నోరు అదే, మారింది గాలి. సైబీరియా వీడియోలో ఉన్నదీ ఇదే సంగతి, మోతాదే వేరు. ఒకడు మాత్రం ఒప్పుకోలేదు. "మంచు ఎక్కడ సార్?" అన్నాడు. వాడి తప్పు కాదు. పొద్దున గడ్డి మీద ఉండేదీ మంచే, రోడ్డు కనిపించకుండా చేసేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే, ఫ్రీజరులో పేరుకునేదీ మంచే. ఇన్ని వస్తువులకు ఒక్క మాట పెట్టుకున్న భాషలో సైన్స్ చెప్పేవాడు ముందు ఏ మంచో తేల్చాలి. ఆ రోజు నుంచి నోటుపుస్తకాల్లో వట్టి "మంచు" అని రాయకూడదని నియమం పెట్టాను. నీటిబొట్టా, పొగా, గడ్డా, పొడా అన్నది పక్కన రాయాల్సిందే.

రెండో వారం: ఐసు, రాళ్ల ఉప్పు

ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక దిమ్మ తెచ్చి గోనెసంచిలో వేసి రోకలితో పొడిచాం. మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు రాళ్ల ఉప్పు. పుస్తకం ప్రకారం ఈ మిశ్రమం మైనస్ 21 దాకా దిగగలదు. ఉప్పు ఐసును కరిగిస్తుంది, కరగడానికి కావలసిన వేడిని ఆ మిశ్రమం తనలో నుంచే లాక్కుంటుంది, అందుకే చల్లబడుతుంది. చెప్పడానికి తేలిక. పిల్లలు మాత్రం "కరిగితే వేడెక్కాలి కదా" అనే అంటారు.

ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది. బడి ప్రయోగశాలల్లో సాధారణంగా ఉండే థర్మామీటరు కొలత మైనస్ 10 నుంచి 110 దాకా. లోపలి దారం మైనస్ 10 గీత దాటి బుడ్డిలోకి దిగిపోయింది. పిల్లలు "పాడైపోయింది" అన్నారు. నేనూ అలాగే అనుకుని ఇంకొకటి పెట్టాను. అదీ అంతే. కంగారులో కదిలిస్తే ఐసుముక్కల మధ్య ఇరుక్కుని రెండూ విరిగాయి. అవి ఆల్కహాలువి కావడం అదృష్టం, పాదరసమైతే మైదానమంతా శుభ్రం చేసుకోవలసి వచ్చేది. తర్వాత మైనస్ 50 దాకా చూపే డిజిటల్ థర్మామీటరు కొన్నాం. అది చూపింది మైనస్ 16. ఐసు సన్నగా పొడిచి బాగా కలిపితే మైనస్ 18. ఎవరైనా ఈ పని మొదలుపెట్టదలచుకుంటే ముందు కొనవలసింది ఆ థర్మామీటరే.

ఈ మిశ్రమంలో తాగునీటి సీసాలు తొమ్మిది కదలకుండా నిలబెట్టి, లోపలి నీరు మైనస్ 7 అయ్యేదాకా ఆగాం. ఆరు మధ్యలోనే గడ్డకట్టాయి. మూడు మాత్రం ద్రవంగానే నిలిచాయి. వాటిని బల్లకేసి తట్టగానే తట్టినచోట నుంచి తెల్లటి పువ్వు విచ్చుకున్నట్టు గడ్డ పాకింది. చూసినవాళ్లు అరిచిన అరుపుకు పక్క తరగతి పిల్లలు బయటికొచ్చారు. ఆ తర్వాత సీసాలో థర్మామీటరు పెడితే సున్నా చూపింది. గడ్డకట్టడం వల్ల నీళ్లు ఏడు డిగ్రీలు వేడెక్కాయన్నమాట! విడుదలైన గుప్తోష్ణమే, అంటే గడ్డకట్టేటప్పుడు నీరు బయటికి వదిలే వేడే, ఆ పని చేసింది. లెక్క వేస్తే వందకు తొమ్మిది పాళ్లు గడ్డకట్టేసరికే నీరంతా సున్నాకు చేరుతుంది, అక్కడితో ఆట ఆగుతుంది. అందుకే సీసాలో వచ్చింది గట్టి దిమ్మ కాదు, పలుచటి ఐసు జావ.

ఇలా సున్నా కంటే దిగువన కూడా గడ్డకట్టని నీళ్లే మేఘాల్లో ఉంటాయని, వేసవిలో మామిడితోటలను చితక్కొట్టే వడగళ్లు అలాంటి చుక్కలను కలుపుకుంటూనే పెరుగుతాయని చెప్పినప్పుడు తోటలున్న ఇళ్ల పిల్లలు తలెత్తారు. వాళ్లకు వడగళ్లంటే పాఠం కాదు, ఒక ఏడాది కాపు. మే నెలలో ఐసు ఎక్కడి నుంచి వస్తుందని అడిగారు. నెత్తిమీద నుంచే. మన ప్రాంతంలో దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తుకు వెళితే సున్నా డిగ్రీలు. ఇంకా పైకి, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80. తిరుమల కొండలను ఒకదానిపై ఒకటి ఇరవై పేర్చినంత ఎత్తు అది. తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి రాడార్లూ బెలూన్లూ పరిశీలించేది ఆ పొరల్నే. ఒయిమ్యకోన్ రికార్డు కంటే చల్లటి చోటు మన పెంకుటింటికి నిట్టనిలువుగా పైనే ఉందంటే వీడియో చూసి వచ్చిన అమ్మాయి చాలాసేపు ఆకాశం చూస్తూ నిలబడింది.

వేడిపాలు, చల్లపాలు పక్కపక్కన పెట్టి ఏవి ముందు గడ్డకడతాయో కూడా చూశాం. 1963లో టాంజానియాలో ఎరాస్టో మ్పెంబా అనే బడిపిల్లవాడు ఐస్‌క్రీం చేస్తూ వేడిదే ముందు గడ్డకట్టిందని గమనించాడు, తర్వాత 1969లో ఒక ప్రొఫెసరుతో కలిసి దాన్ని ప్రచురించాడు. మాకు మూడుసార్లలో రెండుసార్లు చల్లపాలే గెలిచాయి. శాస్త్రవేత్తలు కూడా దీనిమీద ఇంకా కొట్లాడుకుంటున్నారు కాబట్టి తీర్పు చెప్పలేదు. పాలు మాత్రం మిగల్లేదు.

మట్టి మూకుళ్లు

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. ఫ్రిజ్‌లు పుట్టక ముందు, మంచు కురవని అలహాబాదు ప్రాంతంలో రాత్రిపూట ఆరుబయట మంచుగడ్డ తయారుచేసేవారు. రాబర్ట్ బార్కర్ అనే ఆయన ఆ పద్ధతిని 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. గుంట తవ్వి, అడుగున చెరకు లేదా మొక్కజొన్న దంట్లు మందంగా పరచి, వాటిపై లోతులేని మట్టి మూకుళ్లు పేర్చి, కాచిన నీళ్లు పోసి వదిలేసేవారు. తెల్లారకముందే పైన తేలిన మంచుగడ్డను ఏరుకునేవారు.

చెరకు పిప్పికి మాకు కొదవలేదు. పక్క ఊళ్లోని బెల్లం గానుగ దగ్గర ఎండిన పిప్పి రెండు బస్తాలు ఇచ్చారు. కుమ్మరి దగ్గర కాల్చిన, మెరుగు పెట్టని మూకుళ్లు ఆరు తెచ్చాం. ఒక్కోదాంట్లో సెంటీమీటరు ఎత్తు నీళ్లు. రెండు ఆకాశం కింద, రెండు చింతచెట్టు కింద, రెండు వసారాలో. మాకు గడ్డ రాదని ముందే తెలుసు. గాలి కంటే నీళ్లు ఎంత చల్లబడతాయన్నదే మా పందెం.

మొదటి రెండు రాత్రులు మబ్బు పట్టింది, తేడా అర డిగ్రీ కూడా రాలేదు. పిల్లలకు విసుగొచ్చింది. మూడో రాత్రి చుక్కలు పిండి ఆరబోసినట్టున్నాయి. తెల్లవారుజామున ఐదున్నరకు నలుగురు పిల్లలూ వాళ్ల నాన్నలూ టార్చిలైట్లతో వచ్చారు. గాలి 13.4. వసారాలో నీళ్లు 12.9. చింతచెట్టు కింద 12.5. ఆకాశం కింద 9.8. అర్థం చేసుకోవడానికి అవే మూడు అంకెలు చాలు. ప్రతి వస్తువూ పరారుణ కిరణాల రూపంలో వేడిని వదులుతూనే ఉంటుంది. చెట్టు కింద ఉన్న మూకుడికి చెట్టు కూడా దాదాపు అంతే వేడిని తిరిగి ఇస్తుంది. తేమ తక్కువగా ఉండి మబ్బు లేని ఆకాశం అంత తిరిగి ఇవ్వదు. మబ్బు పడితే దుప్పటి కప్పినట్టే.

ఒక అబ్బాయి దీన్ని అంత తేలిగ్గా వదల్లేదు. "నీళ్లు ఆవిరైనందుకు చల్లబడి ఉండొచ్చు కదా సార్, కుండలో నీళ్లలాగా?" వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మందు కూడా వాడే చెప్పాడు, నీళ్లమీద రెండు చుక్కలు వేరుశనగ నూనె వేద్దామని. పైన నూనె పొర ఉంటే ఆవిరి చాలావరకు ఆగుతుంది, ఆకాశంలోకి వేడి పోవడం మాత్రం ఆగదు. మర్నాటి రాత్రి ఆకాశం కింద ఒక మూకుడు నూనెతో, ఒకటి నూనె లేకుండా. నూనె లేనిది గాలికంటే 3.5 డిగ్రీలు తగ్గింది, నూనె ఉన్నది 2.2. ఆవిరికి కొంత, ఆకాశానికి ఎక్కువ. ఒక్క రాత్రి, రెండు మూకుళ్లతో ఇంతకంటే గట్టిగా చెప్పకూడదు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక విద్యార్థి నా ప్రయోగాన్ని సరిదిద్దిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇది ఒకటి.

డ్రై ఐస్ వచ్చిన రోజు

సంక్రాంతి సెలవుల తర్వాత అసలు పని. మైనస్ 78.5 డిగ్రీల డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు, చెన్నైలో దొరుకుతుంది. బస్సులో తేకూడదు. కిలో డ్రై ఐస్ ఆవిరైతే 500 లీటర్లకు పైగా వాయువు అవుతుంది, మూసిన బండిలో అది ఊపిరి సలపనివ్వదు. టమాటాలు దించి ఖాళీగా తిరిగొచ్చే వ్యాను వెనక, పైన గాలి ఆడే చోట, కాగితాలు చుట్టి థర్మోకోల్ పెట్టెలో పెట్టించాం, మూత బిగించకుండా. సాయంత్రం పది కిలోలు ఎక్కిస్తే పొద్దున ఆరున్నర కిలోలు దిగింది. డ్రైవరు మిగతాది తాను తినలేదని ప్రమాణం చేశాడు.

పని మైదానంలోనే. పొడి తోలు చేతితొడుగులు నాకూ ఇద్దరు టీచర్లకే. పిల్లలు రెండు గజాల దూరం. అయినా ఒకడు రాలిన ముక్కను నీళ్లసీసాలో వేసి మూత తిప్పబోయాడు. వాడి చేతిలో నుంచి సీసా లాక్కున్న తర్వాత కాసేపు నా కాళ్లు వణికాయి. అలాంటి సీసా బాంబులా పేలుతుంది. ముందే హెచ్చరించాను కదా అని సర్దిచెప్పుకోలేను. రాలిన ముక్కలు ఏరే పని ఒక పెద్దమనిషికి అప్పగించకపోవడం నా పొరపాటే.

బెలూన్ లెక్క బాగా పండింది. చుట్టుకొలత 60 సెంటీమీటర్లుండేలా ఊది డ్రై ఐసు ముక్కల మధ్య కప్పాం. పీడనం మారకపోతే వాయువు పరిమాణం పరమ ఉష్ణోగ్రతతో పాటే తగ్గుతుందన్నది చార్లెస్ నియమం. పరమ ఉష్ణోగ్రతలో, అంటే మైనస్ 273ను సున్నాగా పెట్టుకుని చూస్తే, 289 నుంచి 195కు, అంటే పరిమాణం మూడింట ఒక వంతు తగ్గాలి. తీసి టేపు చుడితే 54. "మూడో వంతు తగ్గితే 40 రావాలి కదా సార్, చార్లెస్ తప్పా?" అన్నారు. ఇళ్లకు పంపాను. మర్నాడు ఒక అమ్మాయి రాసుకొచ్చింది. టేపు కొలిచేది పొడవును, తగ్గింది పరిమాణం, పొడవును పొడవుతోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చిస్తేనే దానితో పోల్చగలం. ఆ లెక్కన రావలసింది 52.6. బెలూన్ మధ్యదాకా పూర్తిగా చల్లబడలేదు కాబట్టి 54. ఘనమూలం ఎందుకు నేర్చుకోవాలని ఆ తర్వాత నన్నెవరూ అడగలేదు.

ఇక సబ్బుబుడగ. చలిదేశాల ఫోటోల్లో బుడగ అంతటా మంచుపూలు తిరుగుతూ కనిపిస్తాయి, గాజుబంతిలో మంచు కురిసినట్టు. మేం డ్రై ఐస్ మీద స్టీలు పళ్లెం పెట్టి, సబ్బునీళ్లతో తడిపి, దానిమీద గొట్టంతో బుడగ ఊదాం. అడుగు నుంచి తెల్లటి అంచు పైకి పాకింది. మూడో వంతు దాకా వచ్చి ఆగింది. ఎంతసేపు చూసినా కదలదు. కాసేపటికి పైభాగం చతికిలపడింది, కింద పగిలిన గుడ్డుపెంకులా మిగిలింది. ఏడుసార్లు అంతే.

కారణం మొదటి వారం బల్లమీద వేసిన ప్రశ్నలోనే ఉంది. మేం దీన్ని "చల్లటి వస్తువు" వరుసలో రాసుకున్నాం. తప్పు. పళ్లెం చలి ఆ పలుచటి పొరగుండా పైదాకా ఎక్కలేదు, చుట్టూ ఉన్న గాలి వెచ్చగా ఉండి దాన్ని ఆపేస్తుంది. గాలి కూడా చల్లగా ఉంటే వేరే సంగతి జరుగుతుంది. గడ్డకట్టే అంచు దగ్గర విడుదలైన వేడికి అక్కడ తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, తగ్గుతుంది, పొరలోని నీళ్లు అక్కడి నుంచి చల్లటి వైపుకు లాగబడతాయి, ఆ లాగుడుకు మంచుపలుకులు ఊడి పొరంతా తిరుగుతాయి. ఒక్కో పలుకూ తనచుట్టూ గడ్డ కట్టిస్తుంది. ఫోటోల్లోని పూలు అవే.

చల్లటి గాలి కావాలంటే గాలిని గిన్నెలో పెట్టాలి. టబ్బులో డ్రై ఐస్ వేసి అందులోకి బుడగ వదిలితే అది దిగనే లేదు. అడుగున పేరుకున్న బరువైన వాయువు మీద పడవలా తేలుతూ ఉండిపోయింది. అది చూడముచ్చటగా ఉంది కానీ మా పని కాలేదు. డ్రై ఐస్ బయట ఉండాలి, గాలి లోపల ఉండాలి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ దగ్గర పప్పు వండే అల్యూమినియం డేక్షా అడిగాం. ఎనిమిదిన్నరకల్లా పొయ్యి దగ్గర ఉండాలన్న షరతు మీద ఇచ్చింది. దాన్ని థర్మోకోల్ పెట్టెలో దించి చుట్టూ మిగిలిన డ్రై ఐస్ కూరి, పైన గాజుపలక మూశాం. పావుగంటకు లోపల మైనస్ 24.

పలక కాస్త జరిపి, అడుగున పెట్టిన తడి మూత మీద బుడగ ఊది, మళ్లీ మూశాను. మొదటిది పగిలింది. రెండోదీ పగిలింది. మూడోది నిలిచింది. పక్కనుంచి టార్చి వేశాను. కింది అంచు నుంచి ఒక పలుకు ఊడింది, తర్వాత నాలుగు, తర్వాత లెక్కలేనన్ని. తిరుగుతూ, పెరుగుతూ, ఒకదానికొకటి తగిలి ఆగాయి. పది పన్నెండు సెకన్లు. అంతలో చూడగలిగింది ఐదుగురే. మొదట అడిగిన అమ్మాయి వాళ్లలో ఉంది. మిగతా పదిహేడు మందికి చూపించడానికి ఇంకో నాలుగు బుడగలు పట్టాయి, టైము ఎనిమిదీ ఇరవై అయింది.

డేక్షాను మందపాటి పొడిగుడ్డలతో పట్టుకుని వంటగదికి పరిగెత్తాం. బయటంతా తెల్లగా నూగు పట్టి ఉంది. ఆవిడ ఎప్పటిలాగే చెంబెడు నీళ్లు పోసి తొలవబోయింది. నీళ్లు గోడకు తగిలినచోట చిటపటలాడి పలుచటి గడ్డగా అంటుకుపోయాయి. ఆవిడ గరిటెతో దాన్ని గీకి చూసి, డేక్షా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఇందులో పప్పు ఎప్పటికి ఉడికేను సార్?"